ఇల్లొక రాష్ట్రం, కొలువొక రాష్ట్రం: స్టేట్ ట్యాక్స్ ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో ఉద్యోగం చేసేవాళ్ళకు జనవరి నెలాఖరుకు డబ్ల్యూ-2లు, అంటే ఏడాది జీతమూ కోసిన పన్నూ చూపే కాగితాలు, చేతికొస్తాయి. అప్పటిదాకా పేరోల్ వాళ్ళు ఏ రాష్ట్రానికి ఎంత కోస్తున్నారో చాలామంది చూసుకోరు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చిక్కు గురించి: పడుకునేది ఒక రాష్ట్రం, పని చేసేది మరో రాష్ట్రం. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి, పేర్లు తీసేసి, ఊళ్ళు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. మావారు రోజూ రైల్లో మన్‌హట్టన్ ఆఫీసుకు వెళ్ళొస్తారు. నాకు ఇక్కడే చిన్న ఉద్యోగం, ఏడాదికి 20,000 డాలర్లు. ఆయన డబ్ల్యూ-2లో 16వ బాక్సులో న్యూయార్క్ వరసలో 1,40,000 ఉంది, దాని కిందే న్యూజెర్సీ వరసలో మళ్ళీ 1,40,000 ఉంది. న్యూయార్క్‌కు 8,400 కోశారు, న్యూజెర్సీకి సున్నా. ఒకే జీతం రెండుసార్లు ఎందుకు వేశారు? రెండు రాష్ట్రాలకూ కట్టాలా?

జవాబు: వేసింది తప్పు కాదు. 15, 16, 17 బాక్సుల్లో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో వరస ఉంటుంది. మీవారి జీతం మీద న్యూయార్క్‌కు హక్కుంది, పని అక్కడ చేశారు కాబట్టి. న్యూజెర్సీకీ హక్కుంది, కాపురం ఇక్కడ కాబట్టి. అందుకే రెండు వరసల్లోనూ అదే అంకె. ఆ రెండూ కూడి 2,80,000 అనుకుని కంగారుపడేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. కూడకూడదు. ఒకే జీతాన్ని రెండు రాష్ట్రాలు చూస్తున్నాయి, అంతే.

రిటర్నులు రెండు. న్యూయార్క్‌కు నాన్-రెసిడెంట్ రిటర్న్, ఫారం ఐటీ-203. న్యూజెర్సీకి రెసిడెంట్ రిటర్న్, ఫారం ఎన్‌జే-1040. దానికి జతగా షెడ్యూల్ ఎన్‌జే-సీఓజే. ఇతర రాష్ట్రానికి కట్టిన పన్నుకు క్రెడిట్, అంటే ఇక్కడి పన్నులో తగ్గింపు, అడిగే కాగితం ఇదే.

వరస తప్పకూడదు. ముందు ఫెడరల్, తర్వాత న్యూయార్క్, చివర న్యూజెర్సీ. న్యూయార్క్ పన్ను ఎంతో తేలనిదే న్యూజెర్సీలో క్రెడిట్ రాయడానికి అంకె ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో ముందు న్యూజెర్సీ తెరిచి పూర్తి చేసేస్తే క్రెడిట్ సున్నా పడుతుంది, వేలల్లో బాకీ కనబడుతుంది. ఆ బాకీ చూసి కట్టేసినవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు మీ అంకెలతోనే లెక్క చూద్దాం. పన్ను మొత్తాలు సుమారుగా, గుండ్రంగా వేస్తున్నాం.

న్యూయార్క్ పద్ధతి కాస్త వింతగా ఉంటుంది. మీ ఇద్దరి ఆదాయం 1,60,000 మొత్తం న్యూయార్క్‌లోనే ఉండి సంపాదించినట్టు ముందు పన్ను లెక్కేస్తుంది. అది 7,900 వచ్చిందనుకోండి. అందులో న్యూయార్క్ వాటా 1,60,000కి 1,40,000 చొప్పున తీసుకుంటుంది. సుమారు 6,900. మీ 20,000 మీద న్యూయార్క్ పన్ను వెయ్యదు గానీ, మీవారి జీతానికి పడే రేటును మాత్రం అది కొంచెం పైకి నెడుతుంది. కోసింది 8,400 కనుక 1,500 రీఫండ్.

న్యూజెర్సీ 1,60,000 మీద 6,000 పన్ను అంటుందనుకోండి. క్రెడిట్‌కు రెండు అంకెలు పోల్చాలి. ఒకటి న్యూయార్క్‌కు నిజంగా పడ్డ పన్ను, 6,900. రెండోది పరిమితి: న్యూజెర్సీ పన్నులో రెండు చోట్లా పన్ను పడ్డ ఆదాయం వాటా, అంటే 6,000లో 1,60,000కి 1,40,000 చొప్పున, 5,250. రెండిట్లో ఏది తక్కువైతే అదే క్రెడిట్. మీకు 5,250. న్యూజెర్సీకి కట్టాల్సింది 750. మీ 20,000 మీద మీ కంపెనీ ఇప్పటికే న్యూజెర్సీకి కోసినది అందులోంచి పోతుంది.

మిగిలిన 1,650, అంటే న్యూయార్క్‌లో ఎక్కువ పడ్డ పన్ను, ఏ రాష్ట్రమూ వెనక్కివ్వదు. ఆ జీతం మీద రెండు పన్నుల్లో పెద్దది మీరు మోస్తారు. రెండూ కలిపి మోయరు.

ఎక్కువమంది చేసే తప్పు 17వ బాక్సులోని 8,400 తీసుకెళ్ళి షెడ్యూల్ సీఓజేలో రాయడం. అది కోసిన డబ్బు, పన్ను కాదు. పన్ను అంటే ఐటీ-203లో లెక్క తేలాక వచ్చిన 6,900. మీ విషయంలో పరిమితి అడ్డం వచ్చింది గనక తేడా పైకి కనబడదు. రేటు తక్కువున్న రాష్ట్రంలో పని చేసినవాళ్ళకు మాత్రం ఈ పొరపాటు వడ్డీతో సహా నోటీసు తెస్తుంది.

ఇంకో చిన్న సంగతి. మీకు రెండు వరసల్లోనూ అంకె ఒకటే వచ్చింది, చాలామందికి రాదు. కంపెనీ ద్వారా రిటైర్మెంటుకు దాచుకునే 401(కే)లో వేసుకున్న సొమ్మును న్యూజెర్సీ కూడా మినహాయిస్తుంది. వైద్య ఖర్చులకు దాచుకునే హెచ్‌ఎస్ఏలో వేసిన సొమ్మునూ, జీతంలోంచి ముందే కోసిన ఆరోగ్య బీమా ప్రీమియంనూ మాత్రం మళ్ళీ ఆదాయంలో కలుపుతుంది. అందుకే న్యూజెర్సీ వరసలో అంకె కొన్ని వేలు ఎక్కువుంటే పేరోల్ వాళ్ళను తిట్టకండి.

నగర పన్ను వివరాలుండే 18, 19, 20 బాక్సులు కూడా ఒకసారి చూడండి. న్యూయార్క్ నగర పన్ను నగరంలో కాపురమున్నవాళ్ళకే. బయటి నుంచి వచ్చి పని చేసేవాళ్ళకు ఆ పన్ను 1999లోనే తీసేశారు. పొరపాటున నగరానికి కోసివుంటే ఐటీ-203లోనే వెనక్కి అడగవచ్చు. వచ్చే ఏడు అలా కాకుండా కంపెనీకి ఫారం ఐటీ-2104.1 ఇవ్వండి. ఆఫీసు యాంకర్స్ అనే ఊళ్ళో ఉంటే సంగతి వేరు. ఆ ఊరు బయటివాళ్ళ జీతం మీదా పన్ను వేస్తుంది, ఫారం వై-203.

న్యూజెర్సీ బాకీ 400 డాలర్లు దాటేలా ఉంటే ఏడాది మధ్యలోనే మూడు నెలలకోసారి ఎస్టిమేటెడ్ పన్ను కట్టాలంటారు. ఆ తలనొప్పి లేకుండా మీ కంపెనీకి కొత్త ఎన్‌జే-డబ్ల్యూ4 ఇచ్చి, ప్రతి జీతంలో అదనంగా పాతికో ముప్ఫయ్యో కోయమనండి. సరిపోతుంది.

ప్రశ్న: మాది జెర్సీ సిటీ. కంపెనీ న్యూయార్క్‌లో ఉంది. వారంలో రెండు రోజులు ఇంట్లోనే పని. పోయిన ఏడాది ఇంట్లో పని చేసింది 80 రోజులు. డాలస్‌లో క్లయింట్ దగ్గర 33 రోజులున్నాను. ఆ 113 రోజుల జీతం న్యూయార్క్ లెక్కలోంచి తీసెయ్యవచ్చా? జీతం 1,40,000.

జవాబు: డాలస్ రోజులు తీసెయ్యవచ్చు. ఇంటి రోజులు కుదరదు.

న్యూయార్క్‌కు ఒక నియమముంది. ఉద్యోగి తన వీలు కోసం ఇంట్లో పని చేస్తే ఆ రోజు న్యూయార్క్‌లో చేసినట్టే. కంపెనీ అవసరం కోసం, అంటే ఆ పని న్యూయార్క్ ఆఫీసులో చెయ్యడానికి వీల్లేక బయట చేస్తేనే అది బయటి రోజు. ‘‘మా మేనేజర్ ఒప్పుకున్నాడు’’, ‘‘ఆఫీసులో కుర్చీలు చాలవు’’ అంటే కుదరదు. ఇంటి గదినే కంపెనీ అధికారిక ఆఫీసుగా ఒప్పించుకోవడానికి పరీక్షలున్నాయి గానీ, ల్యాప్‌టాప్ మీద పని చేసే మామూలు ఉద్యోగి వాటిలో నెగ్గడం బహు కష్టం.

లెక్క ఫారం ఐటీ-203-బీలో వెయ్యాలి. ఏడాదికి 365 రోజులు. శని, ఆదివారాలు 104, పండగ సెలవులు 10, సిక్ లీవు 5, వెకేషన్ 15 అనుకుందాం. మొత్తం 134. పని రోజులు 231. న్యూయార్క్ బయట 113. అందులో ఇంట్లో చేసిన 80 తీసెయ్యమని ఫారమే అడుగుతుంది. మిగిలింది 33. అంటే న్యూయార్క్ రోజులు 198. 1,40,000ను 231తో భాగించి 198తో హెచ్చిస్తే సరిగ్గా 1,20,000. న్యూయార్క్ ఆదాయం అంతే.

ఇంటి రోజులు కూడా తీసేసి వేసుంటే 71,515 దగ్గర ఆగేది. అలా వేసినవాళ్ళకు ఏడాదో రెండేళ్ళో గడిచాక, రోజుల వివరం పంపమని న్యూయార్క్ నుంచి ఉత్తరం వస్తుంది. అప్పుడు పన్ను, వడ్డీ అక్కడ కట్టి, న్యూజెర్సీ రిటర్న్‌ను ఎన్‌జే-1040-ఎక్స్‌తో సరిచేసుకుని క్రెడిట్ వెనక్కి అడగాలి. గడువు దాటితే ఆ క్రెడిట్ గంగలో కలిసినట్టే.

మరి మిగిలిన 20,000? అది డాలస్‌లో సంపాదించింది. టెక్సస్‌లో ఆదాయపు పన్ను లేదు. న్యూజెర్సీ ఒక్కటే దానిమీద పన్ను వేస్తుంది, ఆ ముక్కకు క్రెడిట్ ఉండదు. షెడ్యూల్ సీఓజేలో రెండు చోట్లా పన్ను పడ్డ ఆదాయంగా 1,20,000 మాత్రమే రాయాలి.

16వ బాక్సులో న్యూయార్క్‌కు 1,40,000 ఉందే, దానికంటే తక్కువ చూపితే ఒప్పుకుంటారా అని అడుగుతారేమో. నాన్-రెసిడెంట్లకు కూడా మొత్తం జీతాన్నే ఆ బాక్సులో వెయ్యమని న్యూయార్క్ కంపెనీలకు చెబుతుంది. తగ్గించుకునే చోటు ఐటీ-203-బీ. రుజువులు దగ్గరుంచుకోండి: విమానం టికెట్లు, హోటల్ బిల్లులు, క్యాలెండర్, ఆఫీసు బ్యాడ్జి రికార్డు. ఏడాది చివర కూర్చుని గుర్తు తెచ్చుకుంటూ రాసిన జాబితా ఆడిట్‌లో నిలవదు. ఏ రోజుకారోజు ఫోన్‌లో ‘ఇల్లు, ఆఫీసు, డాలస్’ అని ఒక మాట రాసిపెట్టుకుంటే చాలు.

ఈ ‘వీలు’ నియమం న్యూయార్క్ ఒక్కదానికే కాదు. పెన్సిల్వేనియా, డెలవేర్, నెబ్రాస్కాల్లోనూ ఉంది. కనెక్టికట్, న్యూజెర్సీ మాత్రం దెబ్బకు దెబ్బ అన్నట్టు, తమ ఉద్యోగుల మీద అలాంటి నియమం పెట్టే రాష్ట్రాలవాళ్ళకే దాన్ని వర్తింపజేస్తాయి. న్యూజెర్సీ దీన్ని 2023 నుంచి అమలు చేస్తోంది.

ప్రశ్న: మేం వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో ఉంటాం. నా ఉద్యోగం మేరీల్యాండ్‌లో, బెథెస్డాలో. కంపెనీ మేరీల్యాండ్ పన్ను కోసేసింది. నేనూ రెండు రిటర్నులు వేసి క్రెడిట్ తీసుకోవాలా?

జవాబు: వద్దు. మీకు క్రెడిట్ దారి వర్తించదు. వర్జీనియా, మేరీల్యాండ్‌ల మధ్య ఒప్పందముంది. దీన్నే రెసిప్రాసిటీ అంటారు. ఒకరి ఊళ్ళో ఉండి మరొకరి ఊళ్ళో పని చేసేవాళ్ళ జీతం మీద కాపురమున్న రాష్ట్రమే పన్ను వేస్తుంది. మేరీల్యాండ్ మీ దగ్గర కోసిందంటే, చేరినప్పుడు ఫారం ఎండబ్ల్యూ507లో మినహాయింపు గడి నింపలేదన్నమాట.

పోయిన ఏడాదికి: మేరీల్యాండ్‌కు నాన్-రెసిడెంట్ ఫారం 505 వేసి, కోసినదంతా వెనక్కి అడగండి. వర్జీనియాకు మామూలు రెసిడెంట్ రిటర్న్ 760 వేసి మొత్తం పన్ను కట్టండి. వర్జీనియా గడువు మే 1, ఫెడరల్‌లా ఏప్రిల్ 15 కాదు. అయితే ఇక్కడో ఇబ్బంది ఉంది. మేరీల్యాండ్ రీఫండ్ మే 1 లోపు చేతికొస్తుందన్న భరోసా లేదు, వర్జీనియా డబ్బు మాత్రం అప్పటికి కట్టాల్సిందే. ఆ మొత్తం ముందే పక్కన పెట్టుకోండి. మేరీల్యాండ్ నుంచి రావాల్సింది వర్జీనియాలో సర్దుకోమనడం కుదరదు. ఒక రాష్ట్రపు ఖజానాలో పడ్డ డబ్బు ఇంకో రాష్ట్రానికి తనంతట తాను వెళ్ళదు.

ఈ ఏడాదికి: ఈ వారమే కొత్త ఎండబ్ల్యూ507 ఇచ్చి, వర్జీనియాకు కోయమని హెచ్‌ఆర్‌ను అడగండి. వాళ్ళు వర్జీనియాలో రిజిస్టర్ కాలేదంటే మీరే ఫారం 760ఈఎస్‌తో మూడు నెలలకోసారి కట్టుకోవాలి.

ఇలాంటి ఒప్పందాలు ఇంకా ఉన్నాయి. ఇల్లినాయ్‌కి అయోవా, కెంటకీ, మిషిగన్, విస్కాన్సిన్‌లతో ఉంది. ఒహాయోకి ఇండియానా, కెంటకీ, మిషిగన్, పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియాలతో ఉంది. న్యూజెర్సీకి ఒక్క పెన్సిల్వేనియాతోనే, న్యూయార్క్‌తో లేదు. వాషింగ్టన్ డీసీ అయితే బయటివాళ్ళ జీతం మీద అసలు పన్నే వెయ్యడానికి వీల్లేదు. 1973 నాటి హోమ్ రూల్ చట్టం దానికి ఆ అధికారం ఇవ్వలేదు. డీసీకి కోసివుంటే ఫారం డీ-40బీతో వెనక్కొస్తుంది.

ఈ ఒప్పందాలు జీతానికి మాత్రమే, అదీ రాష్ట్ర పన్నుకు మాత్రమే. న్యూజెర్సీలోని చెర్రీ హిల్‌లో ఉండి ఫిలడెల్ఫియాలో పని చేసేవాళ్ళకు పెన్సిల్వేనియా రాష్ట్ర పన్ను ఉండదు, కంపెనీకి ఫారం ఆర్‌ఈవీ-419 ఇస్తే చాలు. ఫిలడెల్ఫియా నగరం మాత్రం మూడున్నర శాతానికి కాస్త తక్కువగా వేజ్ ట్యాక్స్ కోస్తుంది. దానికి న్యూజెర్సీ అదే షెడ్యూల్ సీఓజేలో క్రెడిట్ ఇస్తుంది. ‘‘ఒప్పందముంది కదా, సీఓజేతో పనేముంది’’ అని ఈ క్రెడిట్ వదిలేసినవాళ్ళు చాలామందే.

ప్రశ్న: ఆగస్టు 31 దాకా ఇల్లినాయ్‌లో, నేపర్‌విల్‌లో ఉన్నాను. సెప్టెంబరు 1న టెక్సస్‌లోని ఫ్రిస్కోకు మారాను. అదే కంపెనీ, ఇంట్లోంచే పని. ఇల్లు మారిన సంగతి హెచ్‌ఆర్ పోర్టల్‌లో మార్చడం మరిచాను. ఏడాది మొత్తం 1,20,000కీ ఇల్లినాయ్ 4.95 శాతం కోశారు. ఆ నాలుగు నెలలది పోయినట్టేనా?

జవాబు: పోలేదు. నాలుగు నెలల జీతం 40,000 అనుకుంటే 1,980 డాలర్లు. ఊరుకునే మొత్తం కాదు.

మంచి దారి: కంపెనీని డబ్ల్యూ-2సీ ఇమ్మనండి, అంటే సరిదిద్దిన డబ్ల్యూ-2. అందులో ఇల్లినాయ్ జీతం 80,000గా రావాలి. ఇస్తే తర్వాతి పని సులువు. చాలా కంపెనీలు ఏడాది దాటాక డబ్ల్యూ-2సీకి బద్ధకిస్తాయి. అప్పుడు కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరమైనా తీసుకోండి. ఫలానా తేదీ నుంచి ఈ ఉద్యోగి పని చేసింది టెక్సస్‌లో, ఇల్లినాయ్‌కు చెందిన జీతం ఇంత, కోసింది ఇంత అని అంకెలతో ఉండాలి. అంకెల్లేకుండా ‘‘ఇతను టెక్సస్‌కు మారాడు’’ అని ఒక్క ముక్క రాసిచ్చిన ఉత్తరం పనికిరాదు.

తర్వాత ఐఎల్-1040తో పాటు షెడ్యూల్ ఎన్‌ఆర్ వెయ్యండి. అందులో మీరు పార్ట్-ఇయర్ రెసిడెంట్. జనవరి 1 నుంచి ఆగస్టు 31 దాకా అని తేదీలు రాయాలి. బ్యాంకు వడ్డీ, డివిడెండ్లు కూడా ఏ తేదీన వచ్చాయో చూసి విడగొట్టాలి. సెప్టెంబరు తర్వాతవి ఇల్లినాయ్‌కి రావు. టెక్సస్‌కు రిటర్నే లేదు.

మారినట్టు రుజువులు: పాత లీజు ముగిసిన కాగితం, కొత్త లీజు, మూవర్స్ బిల్లు, టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు, కారు రిజిస్ట్రేషన్, పిల్లలుంటే స్కూలు చేరిక. లైసెన్సు మార్చుకోవడం ఆరు నెలలు వాయిదా వేసి, ‘‘సెప్టెంబరులోనే వచ్చేశాను’’ అంటే అవతలివాళ్ళు నమ్మకపోవచ్చు.

బోనసు, ఆర్‌ఎస్‌యూలు (జీతంతో పాటు కంపెనీ ఇచ్చే షేర్లు) మాత్రం వేరు. మారాక చేతికొచ్చినా, పాత రాష్ట్రంలో చేసిన పనికి వచ్చినవైతే పాత రాష్ట్రం తన వాటా అడుగుతుంది. కాలిఫోర్నియా నుంచి వచ్చినవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. షేర్లు గ్రాంటయిన (ఇస్తామన్న) రోజు నుంచి వెస్టయిన (మీ సొంతమైన) రోజు దాకా ఉన్న పని దినాల్లో కాలిఫోర్నియాలో గడిచినవెన్నో లెక్కేసి, ఆ నిష్పత్తిలో ఆదాయం కాలిఫోర్నియాకు చెందుతుంది. టెక్సస్ వచ్చి రెండేళ్ళయినా ఫారం 540ఎన్‌ఆర్ వెయ్యాల్సి రావచ్చు.

ప్రశ్న: కుటుంబం నార్త్ కెరొలైనాలో, షార్లట్‌లో ఉంది. ప్రాజెక్టు న్యూయార్క్ నగరంలో. వారానికి నాలుగు రోజులు అక్కడే. హోటల్ ఖర్చు ఎక్కువని ఏడాదంతటికీ క్వీన్స్‌లో స్టూడియో అద్దెకు తీసుకున్నాను. ఏమైనా ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే, అదీ పెద్దది. మీ సొంత రాష్ట్రం నార్త్ కెరొలైనాయే అయినా, న్యూయార్క్‌లో స్థిర నివాసంలాంటి ఇల్లు ఏడాదిలో దాదాపు మొత్తం కాలం మీ చేతిలో ఉండి, అక్కడ 183 రోజులకు మించి గడిపితే న్యూయార్క్ మిమ్మల్ని రెసిడెంట్‌గానే లెక్కేస్తుంది. రోజులో ఒక గంట గడిపినా అది రోజే. విమానం మారడానికి ఎయిర్‌పోర్టులో ఆగినవి మాత్రం లెక్కలోకి రావు. సోమవారం పొద్దున దిగి గురువారం రాత్రి బయల్దేరితే వారానికి నాలుగు రోజులు. 46 వారాలకే 184.

అప్పుడేమవుతుంది? జీతం ఒక్కటే అయితే క్రెడిట్‌తో చాలావరకు సర్దుకుంటుంది. కానీ రెసిడెంట్ అయ్యాక మీ వడ్డీ, డివిడెండ్లు, షేర్లమ్మిన లాభం కూడా న్యూయార్క్‌కు వస్తాయి. అటు నార్త్ కెరొలైనా కూడా అవే అడుగుతుంది. ఇవి ఏ రాష్ట్రంలో సంపాదించినవీ కావు గనక క్రెడిట్ దొరకడం కష్టం. నిజంగా రెండుసార్లు పన్ను పడేది ఇక్కడే. దానిపైన న్యూయార్క్ నగర పన్ను వేరు, పై శ్లాబులో 3.876 శాతం.

బయటపడే దారులు రెండే. రోజులు 183 దాటకుండా చూసుకోవడం, లేదా ఇల్లు లేకుండా ఎప్పటికప్పుడు హోటల్లో దిగడం. స్టూడియో అద్దెలో మిగిలే డబ్బునూ, పడబోయే పన్నునూ పక్కపక్కన వేసి చూడండి. షేర్లు అమ్మే ఉద్దేశమున్న ఏడాదైతే హోటలే చవక కావచ్చు.

ప్రశ్న: ఓపీటీ (చదువుకు జతగా పని చేసే అనుమతి) మీద ఉన్నాను, ఎఫ్-1 విద్యార్థి వీసా. ఫెడరల్‌కు 1040-ఎన్‌ఆర్ వేస్తున్నాను. మరి న్యూజెర్సీకి కూడా నాన్-రెసిడెంట్ ఫారమే కదా?

జవాబు: కాదు. ఫెడరల్ నాన్-రెసిడెంట్ అనేది వీసాకూ, అమెరికాలో గడిపిన రోజులకూ సంబంధించిన సంగతి. రాష్ట్రం చూసేది మీ ఇల్లెక్కడ అని. ఏడాదంతా న్యూజెర్సీలో కాపురమున్నారంటే ఎన్‌జే-1040, రెసిడెంట్ రిటర్నే. రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు.

ఫెడరల్‌లో భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందం, 21వ ఆర్టికల్, విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ ఇస్తుంది. న్యూజెర్సీలో స్టాండర్డ్ డిడక్షనే లేదు, కాబట్టి అక్కడ దాన్ని వెతక్కండి. ఇంకో హెచ్చరిక: మామూలు సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి 1040-ఎన్‌ఆర్ రాదు. రాకపోయేసరికి రెసిడెంట్ల ఫారం 1040 వేసేస్తారు. అలా వేసుంటే 1040-ఎక్స్‌తో సరిచేసుకుని, ఆ అంకెలు మారితే రాష్ట్రపు రిటర్న్‌నూ సరిచెయ్యండి.

ప్రశ్న: హైదరాబాదులో ఫ్లాటు అద్దె వస్తుంది, ఎన్ఆర్ఈ (ప్రవాస భారతీయుల బ్యాంకు ఖాతా) డిపాజిట్ వడ్డీ కూడా ఉంది. అద్దె మీద ఇండియాలో పన్ను కట్టాను. రాష్ట్రపు రిటర్నులోనూ చూపాలా?

జవాబు: చూపాలి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అమెరికాలో ఉంది. ఫెడరల్‌లోనూ ఉంది, మీరున్న రాష్ట్రంలోనూ ఉంది. అద్దె మీద ఇండియాలో కట్టినదానికి ఫెడరల్ ఫారం 1116తో క్రెడిట్ ఇస్తుంది. రాష్ట్రాల దగ్గర ఆ ఉదారత తక్కువ. న్యూజెర్సీ, కాలిఫోర్నియాలు విదేశానికి కట్టిన పన్నుకు క్రెడిట్ ఇవ్వవు. న్యూయార్క్ ఇచ్చేది కెనడా రాష్ట్రాలకు కట్టినదానికి మాత్రమే. షెడ్యూల్ సీఓజేలో ‘ఇండియా’ అని రాసి పంపితే తిరిగొస్తుంది.

ప్రశ్న: మారక ముందు అట్లాంటాలో కొన్న ఇల్లు అద్దెకిచ్చి ఇప్పుడు సియాటిల్‌లో ఉంటున్నాం. డిప్రిసియేషన్ (ఇంటి తరుగు) వేశాక ప్రతి ఏడూ నష్టమే. జార్జియాకు రిటర్న్ వెయ్యక్కర్లేదని స్నేహితులంటున్నారు.

జవాబు: ఈ ఏడాది పన్ను పడకపోవచ్చు. ఇల్లమ్మే ఏడాది వరకు ఆగి చూడండి. అద్దె ఇల్లు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ ఆదాయం ఆ రాష్ట్రానిదే, మీరెక్కడున్నా. ఏటేటా ఫారం 500తో షెడ్యూల్ 3 వేసి నష్టం చూపిస్తూ వస్తే, వాడుకోని నష్టం జార్జియా లెక్కల్లో పేరుకుంటుంది. అమ్మినప్పుడు లాభంలోంచి పోతుంది. ఎప్పుడూ వెయ్యకుండా అమ్మిన ఏడాది ఒక్కసారిగా పదేళ్ళ నష్టం చూపిస్తే, అది నిరూపించే భారమంతా మీ నెత్తిన పడుతుంది. పైగా బయటి రాష్ట్రంవాళ్ళు అమ్మితే క్లోజింగ్ రోజునే, అంటే ఇల్లు చేతులు మారే రోజునే, జార్జియాకు కొంత పట్టుకుంటారు. అది వెనక్కి తెచ్చుకోవడానికైనా రిటర్న్ వెయ్యాల్సిందే. సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో జీతం మీద పన్ను లేదు గనక అటునుంచి సర్దుకునే క్రెడిట్ కూడా లేదు.

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఇరవై ఏళ్ళు పని చేసి, రిటైరై ఆస్టిన్ వచ్చాం. అక్కడి కంపెనీ 401(కే)లోంచి తీస్తే కాలిఫోర్నియా పన్ను అడుగుతుందా?

జవాబు: అడగడానికి వీల్లేదు. 1996 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ చట్టం ప్రకారం, రిటైర్మెంట్ ఖాతా సొమ్ము మీద అది తీసేనాటికి మీరు కాపురమున్న రాష్ట్రానికే హక్కు. ప్లాన్ వాళ్ళ దగ్గర పాత చిరునామా ఉండిపోయి కాలిఫోర్నియాకు కోసుంటే, 540ఎన్‌ఆర్ వేసి వెనక్కి తెచ్చుకోండి. డబ్బు తీసే ముందు చిరునామా మార్పించడం ఇంకా సులువు.